వెళ్లని ట్రిప్ కోసం కొన్న కెమెరా

ఈ మధ్య మనవాళ్లు అవుటింగ్‌కి వెళ్తే బ్యాగులో ఒక ప్లాస్టిక్ ఫిల్మ్ కెమెరా కూడా పెట్టుకుంటున్నారు. దానికి జూమ్ ఉండదు, స్క్రీన్ ఉండదు. రీలులో 36 ఫొటోలు అయిపోతే ఇక అంతే. ఎలా వచ్చాయో తెలియాలంటే కడిగించేదాకా ఆగాలి. అయినా అందరికీ సరదాగానే ఉంటుంది. ఇంత సింపుల్ కెమెరాని మామూలు మనుషుల ప్రయాణాల్లోకి తెచ్చినవాడు కోడాక్ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్. విచిత్రం ఏంటంటే, అతని కథ మొదలైంది అసలు వెళ్లనే వెళ్లని ఒక ట్రిప్‌తో.

ఈస్ట్‌మన్ 1854 జులై 12న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌విల్‌లో పుట్టాడు. ఏడేళ్లప్పుడే నాన్న చనిపోయాడు. ఇద్దరు అక్కల్లో ఒకామెకి పోలియో. అమ్మ మరియా రోచెస్టర్‌లో తమ ఇంట్లోనే కొందరికి గదులిచ్చి, భోజనం పెట్టి సంసారం నెట్టుకొచ్చింది. అతను 14 ఏళ్లకే స్కూల్ మానేసి ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరాడు. జీతం వారానికి 3 డాలర్లు. రాత్రిళ్లు ఇంట్లో లెక్కలు రాయడం నేర్చుకుని, కొన్నాళ్లకి బ్యాంకులో గుమాస్తా అయ్యాడు.

1870ల చివర్లో సాంటో డొమింగోకి వెళ్దామనుకున్నాడు. ఫొటోలు తీసుకుంటే బాగుంటుందని తోటి ఉద్యోగి ఒకతను సలహా ఇస్తే, కెమెరా సామాను మొత్తం కొన్నాడు. సామాను అంటే నిజంగానే ఒక మోపు! పెద్ద కెమెరా, బరువైన స్టాండు, గాజు పలకలు, రసాయనాల సీసాలు, నీళ్ల పాత్ర, పైగా ఒక డేరా. ఆ డేరా చీకట్లో గాజు పలకకి మందు పూయాలి, అది తడిగా ఉండగానే ఫొటో తీయాలి, ఆరేలోపే కడిగేయాలి. ఒక్క ఫొటోకి ఇంత తతంగం. ట్రిప్ ఎలాగూ క్యాన్సిల్ అయింది కానీ, ఇది ఇంత కష్టంగా ఎందుకుండాలి అన్న ప్రశ్న మాత్రం అతన్ని వదల్లేదు.

పగలు బ్యాంకు, రాత్రి అమ్మ వంటగదిలో ప్రయోగాలు. ముందే తయారుచేసి, ఆరాక కూడా వాడుకోగల పలకల గురించి ఇంగ్లండ్ పత్రికల్లో చదివి, జెలటిన్‌తో తనే చేయడం మొదలుపెట్టాడు. కొన్ని రాత్రులు అక్కడే నేల మీద పడుకునేవాడు. 1880లో రోచెస్టర్‌లో చిన్న చోటు అద్దెకి తీసుకుని పలకలు తయారుచేశాడు, మరుసటి ఏడాది ఉద్యోగం వదిలేశాడు. ఒకసారి అమ్మిన సరుకు షాపుల్లో ఉండగానే పాడైపోయింది. మొత్తం వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చాడు. కొత్త కంపెనీకి అది చిన్న దెబ్బ కాదు.

తర్వాత గాజు స్థానంలో చుట్టగా చుట్టే ఫిల్మ్ మీద పడ్డాడు. 1888లో కోడాక్ వచ్చింది. ఆ పేరుకి అర్థమేమీ లేదు, అతనికి కె అక్షరం ఇష్టం, అంతే. 25 డాలర్ల ఆ పెట్టెలో 100 ఫొటోల రోల్ ముందే ఎక్కించి ఉండేది. అన్నీ తీశాక కెమెరాని, దాంతోపాటు 10 డాలర్లని రోచెస్టర్‌కి పంపితే, వాళ్లే ఫొటోలు కడిగి, కొత్త రోల్ ఎక్కించి తిరిగి పంపేవాళ్లు. మన సబ్జెక్టులో దీన్నే అబ్‌స్ట్రాక్షన్ అంటాం. కష్టం ఎక్కడికీ మాయమవలేదు. వాడేవాడి చేతిలోంచి తయారుచేసేవాడి చేతిలోకి మారింది.

కానీ 25 డాలర్లంటే, ఒకప్పటి ఆ ఆఫీస్ బాయ్‌కి ఎనిమిది వారాల జీతం కంటే ఎక్కువే. 1900లో వచ్చిన బ్రౌనీ ధర 1 డాలరే. దాన్ని ఫ్రాంక్ బ్రౌనెల్ డిజైన్ చేశాడు. అట్టపెట్టె, ఒక మామూలు లెన్స్, ఒకటే స్పీడున్న షట్టర్. ఆరు ఫొటోల ఫిల్మ్ 15 సెంట్లు. పామర్ కాక్స్ గీసిన పిల్లల కథల బొమ్మల పేరే దీనికి పెట్టి, పిల్లలకే అమ్మారు. కెమెరా చవగ్గా ఇచ్చి ఫిల్మ్ మీద సంపాదించడం అనే తెలివి కూడా అందులో ఉందనుకోండి. 1916లో యోసెమిటీకి ఫ్యామిలీ ట్రిప్‌కి వెళ్లిన 14 ఏళ్ల కుర్రాడికి అమ్మానాన్నలు ఇలాంటిదే ఒక బ్రౌనీ ఇచ్చారు. ఆ కుర్రాడు ఆన్సెల్ ఆడమ్స్. తర్వాత ఆ కొండల ఫొటోలతోనే ప్రపంచానికి తెలిశాడు.

ఇక్కడిదాకా చదివితే ఈస్ట్‌మన్ హీరోనే. కానీ హానిబల్ గుడ్‌విన్ సంగతి చెప్పకపోతే అన్యాయం. నూవార్క్‌లో చర్చి ఫాదర్‌గా పనిచేసిన ఈయన సెల్యులాయిడ్ ఫిల్మ్‌కి 1887లోనే పేటెంట్ అడిగాడు. అది చేతికొచ్చింది 1898లో. ఆలోపు, 1889 నుంచే, ఈస్ట్‌మన్ కంపెనీ అలాంటి ఫిల్మ్ అమ్ముతోంది. గుడ్‌విన్ 1900లో చనిపోయాడు. 1914లో కోర్టులో ఓడిన కోడాక్, ఆ పేటెంట్ కొనుక్కున్న కంపెనీకి 50 లక్షల డాలర్లు కట్టింది. గెలుపు చూడ్డానికి గుడ్‌విన్ మాత్రం లేడు. ప్రాజెక్టులో ఎవరి పేరు ముందుండాలని మనం గొడవపడే విషయం నిజానికి అంత చిన్నదేమీ కాదు.

అదే ఈస్ట్‌మన్ తన పేరు దాచుకుని ఇచ్చిన సందర్భం కూడా ఉంది. 1912లో ఎంఐటీ కొత్త క్యాంపస్ కట్టుకోవడానికి మిస్టర్ స్మిత్ అనే ఒకాయన 25 లక్షల డాలర్లు ఇచ్చాడు. ఆ తర్వాత కూడా ఇస్తూనే ఉన్నాడు. ఆ స్మిత్ ఈస్ట్‌మనే అని బయటపడింది 1920లో. ఇంజనీరింగ్ కాలేజీ మొహం చూడని మనిషి ఇంజనీర్ల కోసం చేసిన పని ఇది.

అతను పెళ్లి చేసుకోలేదు. అమ్మ 1907లో పోయింది. చివరి రోజుల్లో వెన్నెముక జబ్బుతో నడవడమే కష్టమైంది. ఆ బాధలో 1932 మార్చి 14న, 77 ఏళ్ల వయసులో తన ప్రాణం తనే తీసుకున్నాడు. దానికి రెండేళ్ల ముందు, 1930లో, కంపెనీ 50 ఏళ్ల పండగకి అమెరికాలో ఆ ఏడాది 12 ఏళ్లు నిండుతున్న పిల్లలకి ఉచితంగా కెమెరాలు పంచారు. సుమారు 5 లక్షలు. మామూలు పెట్టె కెమెరాలే.

ఈసారి అవుటింగ్‌లో ఆ ప్లాస్టిక్ కెమెరా మీ చేతికొస్తే, బ్రౌనీ పిల్లలు పాటించిన రూలే పాటించండి. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి, చెయ్యి కదలనివ్వకండి, తర్వాత నొక్కండి. మిగతా కష్టం ఎవరో ఎప్పుడో పడేశారు.