ఎల్మర్ స్పెర్రీ

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతం పసుపు పంటకు ప్రసిద్ధి. పసుపు కొనేవారు కొమ్మును విరిచి లోపలి రంగును, గట్టిదనాన్ని చూస్తారు. పెద్దపల్లి - నిజామాబాదు మార్గం 2017లో పూర్తికాగా ఆ ఊరి మీదుగా రైలు నడిచింది. రైలుపట్టాను కొమ్మువలె విరిచి చూడటానికి వీలులేదు. విరవకుండానే అందులోని పగులును పసిగట్టే యంత్రాన్ని నిర్మించినవాడు ఎల్మర్ ఆంబ్రోస్ స్పెర్రీ.

ఆయన 1860 అక్టోబరు 12న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించాడు. పుట్టగానే తల్లిని కోల్పోయి తాతగారింట పెరిగాడు. ఓడలకు దిక్కు చూపే గైరో దిక్సూచి ఆయనకు విశ్వఖ్యాతి తెచ్చింది. అటువంటి పరికరాన్ని జర్మనీలో ఆన్షుట్జ్ అంతకుముందే రూపొందించాడన్నది మరువరాదు. 1923లో విమానచోదకుడైన కుమారుడు లారెన్స్ ఇంగ్లీషు చానల్‌లో మరణించాడు. ఆ దుఃఖం స్పెర్రీ పరిశోధనలను ఆపలేదు.

అంతకు పన్నెండేళ్ల క్రితం, 1911 ఆగస్టు 25న, అదే న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ వద్ద ఒక రైలు పట్టాలు తప్పింది. పెట్టెలు వంతెన మీది నుండి పడి ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో అంతర్యుద్ధంలో పోరాడిన వృద్ధ సైనికులు ఉన్నారు. ముక్కలైన పట్టాను పరిశీలించగా లోపల అడ్డంగా పెరిగిన పగులు బయటపడింది. పైకి మాత్రం ఏ లోపమూ కనిపించని పట్టా అది. కంటితో చూస్తూ నడిచే కాపలాదారు ఎంత శ్రద్ధగలవాడైనా దానిని గుర్తించలేడు.

స్పెర్రీ తన శోధక శకటాన్ని 1928లో పట్టాలపై నడిపించాడు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు 68 సంవత్సరాలు. ఆ శకటం పట్టాలోనికి బలమైన విద్యుత్తును పంపేది. దానివల్ల పట్టా చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడేది. పగులు ఉన్నచోట ప్రవాహం పక్కకు మళ్లగా ఆ క్షేత్రం చెదిరేది. తీగచుట్ట ఆ మార్పును గ్రహిస్తే, లేఖిని కాగితంపై గీత గీసేది. అయితే చక్రం జారి కాలిన మచ్చకు కూడా గీత పడేది! అందువల్ల మనుషులు దిగి, అది పైపూత గాయమో, లోతైన పగులో తేల్చవలసి వచ్చేది. యంత్రం అనుమానాన్ని మాత్రమే చెప్పేది, నిర్ణయం మనిషిదే.

స్పెర్రీ 1930 జూన్ 16న మరణించాడు. తరువాత విద్యుత్తుకు తోడుగా అతిధ్వని తరంగాలు వచ్చాయి. భారతీయ రైల్వేలలో సిబ్బంది చిన్న యంత్రాన్ని పట్టాలపై నెట్టుకుంటూ పోతారు. నీటిపొర గుండా తరంగాలు పట్టాలోనికి దిగి, పగులును తాకి వెనుకకు వస్తాయి. ఆ ప్రతిధ్వనిని బట్టి లోపాలను తక్షణం తొలగించవలసినవని, కనిపెట్టుకొని ఉండవలసినవని వేరు చేస్తారు.