ఎడ్గార్ ఎఫ్. కాడ్

ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్ (ఆగష్టు 19, 1923 - ఏప్రిల్ 18, 2003) ఇంగ్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన కంప్యూటరు శాస్త్రవేత్త. మిత్రులకు ఇతడు టెడ్ కాడ్. రిలేషనల్ డేటాబేసు నమూనాకు ఇతడే ఆద్యుడు. సమాచారము కంప్యూటరులో ఏ రూపంలో భద్రపరచబడి ఉన్నదో, దానిని వాడుకొనే ప్రోగ్రాముకు తెలియవలసిన అవసరము ఉండరాదన్నది ఇతని సిద్ధాంతానికి మూలసూత్రము. ఒక డేటాబేసు నుండి వేరొక సంస్థ తయారుచేసిన డేటాబేసులోని పట్టికలను సైతం చదువుటకు వీలు కల్పించే ఓ.డి.బి.సి. వంటి ప్రమాణాలకు పునాది ఈ సూత్రమే. 1981లో ఇతనికి ట్యూరింగ్ పురస్కారము లభించింది.

బాల్యము, విద్య

కాడ్ ఇంగ్లాండు దక్షిణ తీరాన, డోర్సెట్ కౌంటీలోని పోర్ట్‌లాండ్ ద్వీపంలో జన్మించాడు. ఏడుగురు సంతానంలో ఇతడు చివరివాడు. తండ్రిది తోలు వస్తువుల తయారీ, తల్లి ఉపాధ్యాయిని. ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో గణితము, రసాయన శాస్త్రము అభ్యసించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, విద్యార్థిగా మినహాయింపు పొందే అవకాశమున్నా, స్వచ్ఛందంగా బ్రిటిషు వాయుసేనలో చేరి తీరరక్షణ విభాగంలో సండర్లాండ్ విమానాలను నడిపాడు.

ఉద్యోగ జీవితము

1948లో అమెరికా చేరుకొని, మరుసటి సంవత్సరము న్యూయార్కులో ఐ.బి.ఎమ్. సంస్థలో ప్రోగ్రాములు వ్రాసే ఉద్యోగంలో ప్రవేశించాడు. ఆనాడు అమెరికాలో సెనేటరు జోసెఫ్ మెకార్తీ సాగిస్తున్న కమ్యూనిస్టు వ్యతిరేక విచారణలు ఇతనికి రుచించలేదు. 1953లో దేశం విడిచి కెనడాలోని ఒట్టావాకు వెళ్ళిపోయాడు. 1957లో తిరిగి ఐ.బి.ఎమ్.లో చేరి, స్ట్రెచ్ అనే పెద్ద కంప్యూటరులో ఒకేసారి పలు ప్రోగ్రాములు నడిపే పద్ధతిపై పనిచేశాడు.

మళ్ళీ విద్యార్థిగా మారి, మిచిగాన్ విశ్వవిద్యాలయం నుండి 1965లో డాక్టరేటు పొందాడు. తమను తామే పునరుత్పత్తి చేసుకోగల గళ్ళ యంత్రాల గురించి జాన్ వాన్ న్యూమాన్ చేసిన పరిశోధనను ఇతడు ముందుకు తీసుకువెళ్ళాడు. న్యూమాన్ ఒక్కొక్క గడికి 29 స్థితులు వాడగా, ఎనిమిది చాలునని కాడ్ నిరూపించాడు. అనంతరము కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉన్న ఐ.బి.ఎమ్. పరిశోధనాశాలకు మారాడు.

రిలేషనల్ నమూనా

1960వ దశకంలో పెద్ద సంస్థల సమాచారము చెట్టు కొమ్మల వలెనో, వలకళ్ళ వలెనో అమర్చబడి ఉండేది. ఐ.బి.ఎమ్. వారి ఐ.ఎమ్.ఎస్. మొదటి తరహాకు, ఛార్లెస్ బాక్‌మన్ రూపొందించిన ఐ.డి.ఎస్. రెండవ తరహాకు చెందినవి. వీటిలో ఒక వివరము కావాలంటే ప్రోగ్రాము వ్రాసేవాడు ఏ రికార్డు నుండి బయలుదేరి, ఏ లంకె పట్టుకొని, ఎక్కడకు చేరాలో తానే చెప్పవలసి ఉండేది. అమరిక మారితే ప్రోగ్రాము పనికిరాకుండా పోయేది.

ఈ ఇబ్బందిని కాడ్ 1970 జూన్‌లో వెలువరించిన ప్రసిద్ధ వ్యాసంలో చిన్న ఉదాహరణతో చూపించాడు. విడిభాగాలు, వాటిని వాడే ప్రాజెక్టులు - ఈ రెండింటి వివరాలను ఐదు విధాలుగా అమర్చవచ్చును. భాగాల క్రింద ప్రాజెక్టులు ఉండవచ్చు, ప్రాజెక్టుల క్రింద భాగాలు ఉండవచ్చు, రెండూ విడివిడిగా ఉండి మధ్యలో లంకె ఉండవచ్చు. ఫలానా ప్రాజెక్టుకు వాడుతున్న భాగాలేవి అనే అతి మామూలు ప్రశ్నకు ఒక అమరికను నమ్ముకొని వ్రాసిన ప్రోగ్రాము కనీసం మరి మూడు అమరికలలోనైనా విఫలమవుతుంది. అడిగిన ప్రశ్న మాత్రము మారలేదు.

ఇందుకు కాడ్ సూచించిన పరిష్కారము గణితం నుండి వచ్చింది. సమాచారాన్నంతా సమితుల సిద్ధాంతములోని సంబంధాలుగా, అనగా అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టికలుగా మాత్రమే చూపాలి. ఒక పట్టికకు మరొక పట్టికతో గల సంబంధము దాగిన లంకెల వలన గాక, రెండింటిలోనూ కనిపించే విలువల వలన ఏర్పడాలి. కావలసినదేమిటో వినియోగదారుడు చెబితే, దానిని ఏ దారిన తేవాలో డేటాబేసు నిర్ణయించుకుంటుంది. ఒకే వివరము పలుచోట్ల పునరావృతమై పరస్పర విరుద్ధంగా మారకుండా పట్టికలను విడదీసే నార్మలైజేషన్ పద్ధతి కూడా ఇతనిదే. నేటికీ డేటాబేసు పాఠాలలో విద్యార్థులను తికమక పెట్టే మొదటి, రెండవ, మూడవ నార్మల్ రూపాలు ఇతడు నిర్వచించినవే. మూడవదానికి మరింత కట్టుదిట్టమైన రూపము రేమండ్ బాయిస్, కాడ్‌ల పేర్ల మీద ప్రసిద్ధమైంది.

సొంత సంస్థలో ప్రతిఘటన

ఐ.ఎమ్.ఎస్. అమ్మకాల ద్వారా మంచి ఆదాయము పొందుతున్న ఐ.బి.ఎమ్. ఈ నమూనాను వెంటనే ఆదరించలేదు. కాడ్ దాని ప్రయోజనాలను ఆ సంస్థ ఖాతాదారులకే నేరుగా వివరించాడు. వారు సంస్థపై ఒత్తిడి తెచ్చారు. 1974లో ఆన్ ఆర్బర్ నగరంలో బాక్‌మన్ పక్షానికి, కాడ్ పక్షానికి మధ్య బహిరంగ వాదము జరిగింది. దాదాపు అదే కాలంలో శాన్ హోసేలో సిస్టమ్ ఆర్ ప్రయోగము మొదలైంది. దాని కొరకు కాడ్ ప్రతిపాదించిన ఆల్ఫా భాషను గాక, డొనాల్డ్ ఛాంబర్లిన్, బాయిస్‌లు రూపొందించిన సీక్వెల్ భాషను స్వీకరించారు. తరువాత ఎస్.క్యు.ఎల్. అయినది అదే.

ప్రచురితమైన వ్యాసాలు అందరికీ అందుబాటులో ఉండటంతో బయటివారు కూడా ఈ మార్గము పట్టారు. బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఇంగ్రెస్ తయారయింది. లారీ ఎల్లిసన్ సంస్థ తన ఒరాకిల్ డేటాబేసును 1979లోనే మార్కెట్టుకు తెచ్చింది. ఐ.బి.ఎమ్. ఎస్.క్యు.ఎల్./డి.ఎస్.ను 1981లోను, డి.బి.2ను 1983లోను విడుదల చేసింది. సొంత ఇంటిలో పుట్టిన ఆలోచనను అమ్ముకోవటంలో ఆ సంస్థ ఇతరుల కంటే వెనుకబడింది.

పన్నెండు సూత్రాలు

కాడ్ 1984లో ఐ.బి.ఎమ్. నుండి వైదొలగి, క్రిస్ డేట్ తదితరులతో కలిసి సలహా సంస్థను స్థాపించాడు. అప్పటికి రిలేషనల్ అనే మాట వ్యాపార ప్రకటనలలో విచ్చలవిడిగా వాడబడుతున్నది. పాత డేటాబేసుకు పైపూత పూసి ఆ పేరు తగిలించేవారిని ఉద్దేశించి 1985లో కంప్యూటర్‌వరల్డ్ పత్రికలో ఇతడు పన్నెండు సూత్రాలు ప్రకటించాడు. పేరుకు పన్నెండైనా, సున్నా నుండి లెక్కించటం వలన ఇవి పదమూడు. డేటాబేసు తన పట్టికల వివరాలను కూడా పట్టికలుగానే అందించాలని, సమాచారము ఎన్ని చోట్లకు పంచబడినా ప్రోగ్రాములు మారనవసరము ఉండరాదని వీటిలో ఉన్నది. ఎస్.క్యు.ఎల్. పై కూడా ఇతనికి అసంతృప్తి ఉండేది. ఒకే వరుస రెండుసార్లు రావటాన్ని ఆ భాష అనుమతించటం ఇతని దృష్టిలో పెద్ద దోషము.

ఓ.డి.బి.సి.తో సంబంధము

ఓ.డి.బి.సి. (ఓపెన్ డేటాబేస్ కనెక్టివిటీ) కాడ్ తయారుచేసినది కాదు. 1980వ దశకం చివరకు డేటాబేసులన్నీ పట్టికలనే చూపుతున్నా, ఒక్కొక్క సంస్థ డేటాబేసుతో మాట్లాడటానికి ఒక్కొక్క ప్రత్యేక ప్రోగ్రాము వ్రాయవలసి వచ్చేది. కాడ్ ఒక డేటాబేసు లోపల తొలగించిన పరాధీనత ఇప్పుడు డేటాబేసుల మధ్య తలెత్తిందన్నమాట. 1989లో ఏర్పడిన ఎస్.క్యు.ఎల్. యాక్సెస్ గ్రూపు ఇందుకు ఉమ్మడి పిలుపు పద్ధతిని రూపొందించే పనికి పూనుకోగా, దాని ఆధారంగా మైక్రోసాఫ్ట్ 1992లో ఓ.డి.బి.సి.ని విడుదల చేసింది. ఈ పిలుపు పద్ధతి 1995లో అంతర్జాతీయ ప్రమాణంగా మారింది.

దీనిలో ప్రోగ్రాము తన ప్రశ్నను ఎస్.క్యు.ఎల్.లో డ్రైవరు మేనేజరుకు అందిస్తుంది. డి.ఎస్.ఎన్. అనే పేరు క్రింద నమోదైన వివరాలను బట్టి అది తగిన డ్రైవరును ఎంచుకుంటుంది. ఆ డ్రైవరు ప్రశ్నను తన డేటాబేసుకు తగినట్లు మార్చి పంపి, జవాబును వరుసలుగా తిరిగి ఇస్తుంది. అవతల ఏ పట్టికలున్నాయని అడిగినా జవాబు పట్టిక రూపంలోనే వస్తుంది. ఇందులో కాడ్ సూత్రము స్పష్టంగా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో బయటి పట్టికను లంకె చేసినపుడు అది సొంత పట్టిక వలె కనబడటం, మామూలు అక్షర ఫైలును సైతం పట్టికగా ప్రశ్నించగలగటం ఈ ఏర్పాటు వలననే.

అయితే ఈ స్వాతంత్ర్యము సంపూర్ణము కాదు. డ్రైవర్ల సామర్థ్యాలలో తేడాలున్నందున, ఏది చేయగలవని ప్రోగ్రాము ముందుగా డ్రైవరును అడుగవలసి ఉంటుంది. సొంత పట్టికను బయటి పట్టికతో జోడించినపుడు, జోడింపు పని అవతలి వైపు జరిపించే వీలు లేకపోతే బయటి పట్టిక అంతా ఇవతలికి తరలిరావలసి వస్తుంది. లక్షల వరుసలున్నచోట ఇది పెద్ద భారము. సమాచారము ఎక్కడున్నదో వినియోగదారునికి తెలియనవసరము లేదన్న కాడ్ ఆశయము ఈ సందర్భంలో సగమే నెరవేరుతుంది. పైగా, ఇతడు తప్పుపట్టిన ఎస్.క్యు.ఎల్. భాషే ఈ వారధికంతటికీ ఆధారము కావటం విశేషము.

చివరి సంవత్సరాలు

1990లో కాడ్ తన నమూనాకు రెండవ రూపాన్ని గ్రంథంగా ప్రచురించాడు. దొరకని విలువలను గుర్తించటానికి ఇతడు ప్రతిపాదించిన నాలుగు విలువల తర్కాన్ని చిరకాల సహచరుడైన డేట్ కూడా అంగీకరించలేదు. 1993లో ఓలాప్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన పత్రము ఇతనికి కొంత అపకీర్తి తెచ్చింది. దానిని వ్రాయించినది అదే తరహా ఉత్పత్తిని అమ్ముతున్న ఆర్బర్ సాఫ్ట్‌వేర్ సంస్థ కావటమే ఇందుకు కారణము.

2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడా రాష్ట్రంలోని విలియమ్స్ ఐలాండ్‌లో, తన 79వ యేట, కాడ్ గుండె వైఫల్యముతో మరణించాడు. డేటాబేసు పరిశోధకుల సంఘమైన సిగ్‌మాడ్ 2004లో తన ఆవిష్కరణల పురస్కారానికి ఇతని పేరు పెట్టింది.