అందరి విరాసత్ ఆయన చేతిలో... ఆయన విరాసత్ కోర్టుల్లో

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇంటి పెద్ద చనిపోతే దినాలు కాగానే కొడుకులు తహసీల్ ఆఫీసు తొవ్వ పడతారు. భూమి పట్టా తండ్రి పేరు మీది నుంచి తమ పేరు మీదికి రావాలి. దీన్నే విరాసత్ చేయించుకోవడం అంటారు. పట్టా, పహాణీ, సేత్వార్, ఫౌతీ, విరాసత్... ఈ మాటలన్నీ నిజాం సర్కారు దఫ్తర్ల నుంచి మన నోటికి వచ్చినవే. ఆ సర్కారుకు చివరి పాలకుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. రాజ్యంలో ఎవరి జాగీరు ఎవరికి పోవాలో తేల్చిన మనిషి ఆయన. అయితే ఆయన సొంత ఆస్తి ఎవరికి పోవాలన్న తగాదా ఆయన పోయిన యాభై ఏళ్లకు కూడా తెగలేదు.

ఉస్మాన్ అలీ ఖాన్ 1886లో హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో కన్నుమూయడంతో ఏడో నిజాంగా గద్దెనెక్కారు. అప్పుడు ఆయన వయసు 25 ఏళ్లు. ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మానియా ఆస్పత్రి, నిజాంసాగర్ ఆయన కాలంలోనివే. ఆదిలాబాద్ జిల్లాలో సిర్పూర్ కాగితం మిల్లు వెలిసిందీ అప్పుడే. దాని వల్లే ఒకప్పటి కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. 1937లో అమెరికా పత్రిక టైమ్ ఆయనను ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని చెప్పి ముఖచిత్రం వేసింది.

ఆయన రాజ్యంలో భూమి మూడు రకాలుగా ఉండేది. దాదాపు 60 శాతం దివానీ, అంటే సర్కారు భూమి. 30 శాతం వరకు జాగీర్లు. మిగతా 10 శాతం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చు కోసం ఉన్న భూమి. ఇందులో జాగీరు కానూను చాలా చిత్రమైనది. ఊళ్లకు ఊళ్లు ఏలుతున్నా జాగీరుదారుకు అది సొంత ఆస్తి కాదు. అమ్మడానికి లేదు, వీలునామా రాయడానికి లేదు. ఆయన చనిపోయిన రోజే జాగీరు తిరిగి పాలకుడిది అవుతుంది. విరాసత్ విచారణ జరిగి, నిజాం ఫర్మానా ఇస్తేనే కొడుకు చేతికి వస్తుంది. దానికి నజరానా సమర్పించుకోవాలి. మిగతా కుటుంబంలో కొందరు హిస్సేదార్లు, కొందరు గుజారా మీద బతికేవాళ్లు. తండ్రి పోయిన దుఃఖం ఒకవైపు, ఫర్మానా వస్తుందా రాదా అన్న బుగులు ఇంకోవైపు. పెద్ద పెద్ద నవాబుల ఇళ్లల్లో కూడా ఇదే పరిస్థితి.

కాగితం లేనివాళ్ల గతి ఇంకా అధ్వానం. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు తాతల నాటి నుంచి దున్నుకుంటున్న పోడు భూములకు పట్టా లేదు. పట్టా లేకపోతే కొడుక్కి ఇవ్వడానికి ఏముంటుంది? అటవీ శాఖ వెళ్లగొట్టింది, బయటి షావుకార్లు పట్టాలు చేయించుకున్నారు. ఆ కడుపుమంటతోనే కొమురం భీం లేచాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాడు. ఆ తర్వాతే సర్కారు కళ్లు తెరిచింది. ఆదివాసుల బాధ తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సిఫారసులతో గోండులకు, కొలాములకు పట్టాలు ఇవ్వడం మొదలైంది.

1948 సెప్టెంబరులో అంతా తలకిందులైంది. భారత సైన్యం వచ్చింది, హైదరాబాద్ యూనియన్‌లో కలిసింది. ఆ గందరగోళంలోనే నిజాం ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరు మీదికి మార్చారు. వారం తిరగక ముందే నిజాం ఆ సొమ్ము తిరిగి ఇమ్మన్నారు. బ్యాంకు ఇవ్వలేదు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారులో కలిసిపోయింది. అదే ఏడాది ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. నిజాంకు రాజభరణం ఏర్పాటైంది, 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నారు. ఇతరుల వారసత్వం మీద సంతకం పెట్టే అధికారం పోయింది. ఇక తన వారసత్వం సంగతి చూసుకోవాల్సి వచ్చింది.

ఆయన కుటుంబం చాలా పెద్దది. బేగంలు, కొడుకులు, బిడ్డలు, మనవలు, నౌకర్లు అందరూ ఆయన మీదే ఆధారపడ్డారు. షరియత్ ప్రకారం వీలునామా మూడో వంతు ఆస్తికి మించి చెల్లదు. వారసుల్లో ఒకరికి రాసినా మిగతావాళ్లు ఒప్పుకోవాలి. అందుకే బతికుండగానే ట్రస్టుల దారి పట్టారు. 1950 మే 10న 9 కోట్ల రూపాయల సర్కారు బాండ్లతో ఫ్యామిలీ ట్రస్టు పెట్టారు. ఆ మొత్తాన్ని 175 వాటాలుగా లెక్కగట్టి, ఎవరికెన్నో రాసిపెట్టారు. 1951, 1952లో నగల కోసం రెండు ట్రస్టులు పెట్టారు. ఆ తర్వాత ఇంకా ఎన్నో వచ్చాయి.

ట్రస్టులకు కారణం ఒక్క పన్నే కాదు గానీ, పన్ను భయం మాత్రం నిజమే. 1953 అక్టోబరు నుంచి దేశంలో ఎస్టేట్ డ్యూటీ అమల్లోకి వచ్చింది. మనిషి చనిపోతే ఆయన ఆస్తి మీద వేసే పన్ను ఇది. చావుకు రెండేళ్ల లోపు ఇచ్చిన బహుమతులను కూడా ఆస్తి లెక్కలోనే పట్టేవారు. 1957లో సంపద పన్ను తోడైంది. 1960ల నడుమకు వచ్చేసరికి 20 లక్షలు దాటిన ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 85 శాతానికి చేరింది. అంటే ఆ పైన ప్రతి వంద రూపాయల్లో వారసులకు మిగిలేది 15 రూపాయలే.

ఇంకో చిక్కుముడి గద్దె గురించి. 1954లో నిజాం పెద్దకొడుకు ఆజం జాను పక్కనబెట్టి మనవడు ముకర్రం జాను వారసుడిగా ప్రకటించారు. బిరుదు విషయంలో అది చెల్లింది. కానీ షరియత్‌లో కొడుకు బతికుండగా మనవడికి తాత ఆస్తిలో వాటా రాదు. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠిలో నిజాం కన్నుమూశారు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో దఫన్ చేశారు. ఆ ఏప్రిల్‌లో ముకర్రం జా ఎనిమిదో నిజాం అయ్యారు. ఆజం జా 1970 దాకా బతికే ఉన్నారు. బిరుదు ఒక దారిన, ఆస్తి ఇంకో దారిన పోవడంతో కోర్టు కేసులు ఒకదాని వెంట ఒకటి మొదలయ్యాయి.

1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం పెట్టుకున్నారు. ట్రస్టు మీద సంపద పన్ను ఎట్లా వేయాలన్న కేసు 1977లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచాక 1995లో నగలను భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. జేకబ్ వజ్రం కూడా అందులోనే ఉంది. లండన్ సొమ్ము కేసు ఇంకా పొడుగు. 1957లో అక్కడి ప్రభువుల సభ పాకిస్తాన్‌కు సార్వభౌమ రక్షణ ఉందని చెప్పడంతో ఆగిపోయింది. చివరికి 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ సొమ్ము భారత్‌కు, మనవలు ముకర్రం జా, ముఫ్ఫఖం జాలకు చెందుతుందని తీర్పిచ్చింది. పది లక్షల పౌండ్లు అప్పటికి మూడున్నర కోట్లయ్యాయి. ఆ వెంటనే వంద మందికి పైగా వారసులు మాకూ వాటా ఉందని ముందుకొచ్చారు. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయారు. మక్కా మసీదులో దఫన్ అయ్యారు. వాటాల గొడవ మాత్రం అట్లాగే మిగిలింది.

నిజాం భయపడిన ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. సంపద పన్ను 2015లో పోయింది. 2024 ఎన్నికల్లో వారసత్వ పన్ను మాట మళ్లీ వినిపించినప్పుడు రెండెకరాల రైతులు కూడా బుగులు పడ్డారు. కానీ ఏడో నిజాం జీవితం చూస్తే ఆస్తిని తిన్నది ఒక్క పన్నే కాదని తెలుస్తుంది. పన్నుకు విరుగుడు వకీళ్లు రాసిచ్చారు. అన్నదమ్ముల నడుమ, అక్కచెల్లెళ్ల నడుమ తేలని మాటకు మాత్రం ఏ ట్రస్టు దస్తావేజూ విరుగుడు కాలేదు. ఇవాళ జగిత్యాలలోనో నిర్మల్‌లోనో గల్ఫ్‌లో ఉన్న కొడుకు సంతకం కోసం, పెళ్లయిన బిడ్డ వాటా తేలక ఆగిపోయిన విరాసత్‌లు ఎన్నో. అక్కడ అడ్డం పడుతున్నది సర్కారు పన్ను కాదు. ఇంటి పెద్ద బతికుండగా అందరినీ కూర్చోబెట్టి హక్కు ప్రకారం ఎవరిది వారికి తేల్చకపోవడమే.