తుప్పు పట్టిన కాంటాక్టు మీద జగదీశ్ చంద్రబోస్ పట్టుదల

కోల్‌కతాలో పాత కారుకు విడిభాగాలు కావాలంటే చాలామంది మల్లిక్ బజార్ దారి పడతారు. ఆ బజారు ఉన్న రోడ్డుకు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు. ఇది కాకతాళీయమే అయినా ఆ పేరు అక్కడ బాగా నప్పింది. బానెట్ మీద ఒక దెబ్బ వేస్తే వెలిగి, తర్వాతి గతుకులో ఆరిపోయే హెడ్‌లైటు పాత కారున్న ప్రతివారికీ పరిచయమే. నాసిరకం స్విచ్చులోనో సాకెట్‌లోనో లోపం ఉన్నప్పుడు అది చాలాసార్లు తీగలో కాదు, రెండు లోహపు ముక్కలు తాకే చోట ఉంటుంది. అక్కడ తుప్పు పొర పట్టినా, లైటు వేయనప్పుడు మీటరు పూర్తి 12 వోల్టులూ చూపిస్తుంది. లైటు వేయగానే పడిపోతుంది. బోస్ దాదాపు పదేళ్లు తల బద్దలు కొట్టుకున్నది ఇలా తాకే చోటు గురించే.

ఆయన 1858 నవంబర్ 30న పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వ ఉద్యోగి. స్వదేశీ పరిశ్రమలు పెట్టాలని చూసి అప్పుల పాలయ్యారు. ఆ అప్పులు తర్వాత కొడుకే తీర్చారు. కేంబ్రిడ్జిలో లార్డ్ రేలీ దగ్గర చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. భారతీయుడైనందుకు తక్కువ జీతం ఇస్తామంటే మూడేళ్లు అసలు జీతమే ముట్టకుండా పాఠాలు చెప్పారు. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి బకాయిలతో సహా చెల్లించింది. సరైన ప్రయోగశాల లేదు. కాలేజీలోనే ఒక ఇరుకు గదిలో, ఒక రేకుల పనివాడికి తానే పని నేర్పి పరికరాలు చేయించుకున్నారు.

అప్పట్లో రేడియో తరంగాలను పట్టే సాధనం కొహీరర్. గాజు గొట్టంలో లోహపు రజను. తరంగం తగలగానే రజను రేణువుల మధ్య నిరోధం పడిపోయి కరెంటు పారుతుంది. తర్వాత గొట్టాన్ని తట్టితే తప్ప మళ్లీ పని చేయదు. యూరప్‌లో పుట్టిన ఈ సాధనం కలకత్తా ఉక్కలో, చెమ్మలో త్వరగా తుప్పు పట్టేది. ఒకసారి అతిగా స్పందించేది, మరోసారి మొరాయించేది. ఏ ప్రయోగాన్నీ నమ్మే వీల్లేదు.

బోస్ దాన్ని తిట్టుకుంటూ వాడలేదు, మరో గొట్టం తెప్పించుకుని ఊరుకోలేదు. రజను తీసేసి, గాడిలో వరుసగా ఉక్కు స్ప్రింగులు పేర్చారు. వాటి మీద ఒత్తిడిని మర తిప్పి సరిచేసే ఏర్పాటు పెట్టారు, పారే కరెంటునూ సర్దుకునేలా చేశారు. తాకే చోటు ఎంత గట్టిగా తాకాలి, దాని గుండా ఎంత కరెంటు వెళ్లాలి అన్నవి ఊహకు వదలకుండా కొలతలోకి తెచ్చారు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ కూడా పార్టు మార్చే ముందు చూసేది ఇదే. 1895లో కలకత్తా టౌన్‌హాల్ ప్రదర్శనలో ఆయన పంపిన తరంగాలు గోడలు దాటి వెళ్లి గంట మోగించాయి, మందుగుండు పేల్చాయి. 1899లో ఇనుము, పాదరసం తాకే మరో కొహీరర్‌ను వివరిస్తూ రాయల్ సొసైటీకి పత్రం పంపారు. దాన్ని తట్టాల్సిన పనే లేదు, తనంతట తానే కోలుకుంటుంది. 1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటించిన సంకేతాన్ని పట్టింది ఇలాంటి సాధనమేనని, అది బోస్ నమూనాయేనని తర్వాతి కాలంలో కొందరు పరిశోధకులు వాదించారు. గెలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టర్‌కు 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది. అదీ మిత్రుల ఒత్తిడి మీద తీసుకున్నదే. దానితో డబ్బు చేసుకోలేదు.

ఇక్కడే ఆయన దారి మళ్లింది. ఎక్కువసేపు వాడిన కాంటాక్టు మందగిస్తోంది, కాసేపు వదిలేస్తే కోలుకుంటోంది. వేరొకరైతే దీన్ని లోపమని పక్కన పెట్టేవారు. బోస్‌కు అది కండరం అలసినట్టు కనిపించింది. లోహం, మొక్క, కండరం ఒకే తీరుగా స్పందిస్తాయని చెబుతూ 1902లో పుస్తకం వేశారు. ఇంగ్లండ్‌లోని శరీరధర్మ శాస్త్రవేత్తలు గట్టిగా వ్యతిరేకించారు. వారి అభ్యంతరాల్లో కొంత పెత్తనం ఉంది, కొంత న్యాయమూ ఉంది. లోహపు పొరల మీద చూసినదాన్ని ప్రాణం దాకా లాగడంలో ఆయన సాక్ష్యాన్ని మించి వెళ్లారు. రేడియోలో ప్రపంచమంతా పరుగులు తీస్తున్న వేళ ఆ రంగాన్ని వదిలేయడం వల్ల వచ్చిన నష్టం కూడా చిన్నది కాదు. అయినా మొక్కల సూక్ష్మ కదలికలను కొలవడానికి ఆయన చేసిన క్రెస్కోగ్రాఫ్ వంటి యంత్రాల్లోని నాణ్యత మాత్రం కొహీరర్‌తో కుస్తీ పట్టిన చేతులదే.

1917 నవంబర్ 30న, తన పుట్టినరోజున, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించారు. 1920లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. 1937 నవంబర్ 23న గిరిడీలో కన్నుమూశారు. ఆయన పరికరాలను బోస్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో భద్రపరిచారు.