కణంలోని కూలి డబ్బును చూపిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



తిన్నది ఒంటికి పట్టడం లేదని మన ఇళ్ళలో తరచుగా అంటుంటాం. ఆ మాటలో పెద్ద శాస్త్రమే ఉంది. కడుపు నిండా తిన్నా, ఆ ఆహారం పేగు గోడను దాటి రక్తంలో కలవకపోతే మనిషి పస్తున్నట్లే లెక్క. ఒక తెలుగు కుటుంబంలో ఇద్దరు అన్నదమ్ములు ఇలాగే చనిపోయారు. వారి తోడబుట్టినవాడు వైద్యుడు. ఆయనే తరువాతి కాలంలో, ఏ శక్తితో జీవకణం సరుకును లోపలికీ బయటికీ మోస్తుందో ఆ పదార్థాన్ని వెలికితీసిన ఇద్దరిలో ఒకరయ్యారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేటప్పుడు సన్యసించి రామకృష్ణ మిషనులో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం ద్వారా కూడా సేవ చేయవచ్చునని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళగా ఆచార్యునికి ఆగ్రహం వచ్చింది. ఆ ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. తోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆయన అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలి అయ్యారు. ఆరోగ్యవంతుని చిన్నపేగు లోపలి గోడ మెత్తని దూదిపింజల వలె సన్నని మొలకలతో నిండి ఉంటుంది. ఆహారసారాన్ని పీల్చుకునేవి అవే. స్ప్రూ వ్యాధిలో ఆ మొలకలు అణిగిపోతాయి. తిన్నదంతా విరేచనమై పోతుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బు సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ తరువాత ఆయన ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పారు.

మామగారి సాయంతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తే పని చేశారు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. భార్య శేషగిరమ్మ గారు స్వదేశంలోనే ఉండిపోయారు. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు.

అప్పట్లో అదే హార్వర్డు వైద్య కళాశాలలో వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్ర ఆచార్యుడు ఉండేవారు. బయట ఎన్ని మార్పులు వచ్చినా శరీరం తన లోపలి స్థితిని ఒక హద్దులో నిలుపుకుంటుందని చెప్పి, ఆ గుణానికి 1926లో హోమియోస్టాసిస్ అని పేరు పెట్టారు. దానినే మనం సమస్థితి అంటాం. మే నెలలో హాలహర్విలో ఎండ 40 డిగ్రీలు దాటినా, చేలో పనిచేసే మనిషి ఒంటి వేడి 37 డిగ్రీల దరిదాపుల్లోనే నిలవడానికి చెమట పడుతుంది. చెమటతో నీరు, ఉప్పు పోతాయి గనుక దాహం వేస్తుంది, మూత్రం తగ్గుతుంది. సమస్థితి అంటే కదలకుండా ఉండడం కాదు, ఎడతెగని సర్దుబాటు.

ఈ సర్దుబాటు చివరకు ప్రతి జీవకణం చుట్టూ ఉన్న పలుచని పొర దగ్గర జరుగుతుంది. కోసిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరుతుంది. నానబెట్టిన శనగలు ఉబ్బుతాయి. ఉప్పు ఎటు ఎక్కువగా ఉంటే నీరు అటు నడుస్తుంది. దీన్నే ద్రవాభిసరణం అంటారు. దీనికి ఖర్చు లేదు. తుంగభద్ర దిగువ కాలువ నీరు పల్లానికి తానే పారినట్లు ఇదీ పారుతుంది. కాని మిట్ట మీది చేనికి ఆ నీరు ఎక్కాలంటే ఇంజను పెట్టాలి, నూనె పోయాలి. కణానికి కూడా అటువంటి ఇంజన్లు ఉన్నాయి. లోపల చేరిన సోడియాన్ని బయటికి తోసి, బయటి పొటాషియాన్ని లోపలికి లాగే పంపు రాత్రింబవళ్ళు ఆడుతూనే ఉంటుంది. మనం ఊరకే పడుకున్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ పంపులకే పోతుంది.

ఆ ఇంజనుకు పోసే నూనె ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు సుబ్బారావు గారి పరిశోధన దగ్గరకు తీసుకువెళుతుంది. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి ఆయన 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టారు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ను, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా దాన్నే కనుగొన్నారు. కణంలో ఏ పని చేయించాలన్నా చెల్లించే కూలి డబ్బు ఎ.టి.పి. అని 1941లో ఫ్రిట్జ్ లిప్మన్ స్పష్టం చేశారు. సోడియం పంపును 1957లో డెన్మార్కులో యెన్స్ స్కౌ గుర్తించి, 1997లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఒక ఎ.టి.పి. ఖర్చుతో ఆ పంపు మూడు సోడియం అయానులను బయటికి పంపి, రెండు పొటాషియం అయానులను లోపలికి తెస్తుంది.

ఇంత చేసినా హార్వర్డు సుబ్బారావు గారికి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీలో చేరి, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు. తన అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బును ఆయన మరువలేదు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది మేలు చేసింది. ఈనాడు గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. ఫైలేరియాకు వాడే డి.ఇ.సి. మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఆయన నాయకత్వంలోనే బయటికి వచ్చాయి. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ పిల్లలకు మొదటిసారిగా కొంతకాలం ఉపశమనం చూపగలిగారు. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కు దగ్గర నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరసత్వం ఆయన తీసుకోలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మరి ఈ జ్ఞానం మన పల్లెకు ఏమి చేస్తుంది? పేగు గోడలో ఉప్పు, పంచదార జతగా ప్రవేశించే ద్వారం ఒకటి ఉందని 1960లో రాబర్ట్ క్రేన్ సూచించారు. ఆ జత వెంట నీరు కూడా లోపలికి వస్తుంది. లోపలికి వచ్చిన ఉప్పును ఆవలి వైపుకు తోసేది ఎ.టి.పి.తో నడిచే ఆ పంపే. కలరాలో సైతం ఈ ద్వారం చెడదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని తాగించగా, 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

కనుక బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నప్పుడు నీరు మానిపించి కడుపు ఎండగట్టవద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరకకపోతే, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టండి. కొలత మించరాదు. తీపి ఎక్కువైతే, ఉప్పు వేసిన మామిడి ముక్కలో మాదిరి, ఒంట్లోని నీరే పేగులోకి ఊరుతుంది. తల్లిపాలు ఆపవద్దు. ఆసుపత్రిలో ఇచ్చే జింకు మాత్రలు చెప్పినన్ని రోజులూ వేయండి. కళ్ళు గుంటలు పడినా, మూత్రం ఆగినా, బిడ్డ మగతగా పడి ఉన్నా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. సుగ్గికి ఊరు విడిచి వెళ్ళే తల్లులు రెండు పొట్లాలు మూటలో కట్టుకుని పోవడం మంచిది. గుడిసెలో చీకటి పడిన తరువాత మొదలైన విరేచనాలు తెల్లవారే వరకు ఆగవు.