అడవిపై ప్రజల హక్కు కోసం ప్రాణమొడ్డిన పల్నాటి వీరుడు కన్నెగంటి హనుమంతు

భారత స్వాతంత్ర్య సంగ్రామంలో పల్నాడు ప్రాంతానికి విశిష్ట స్థానం ఉంది. పన్నెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధంతో వీరభూమిగా ఖ్యాతి గాంచిన ఈ సీమ, 1921-22 సంవత్సరాలలో మరొక పోరాటానికి వేదిక అయింది. ఆ పోరాటం సింహాసనం కోసం జరిగినది కాదు. పశువులు మేసే అడవి కోసం, వంట చెరకు కోసం, నాగలికీ కాడికీ కావలసిన కర్ర కోసం సామాన్య రైతులు సాగించిన ఉద్యమమది. చరిత్రలో పల్నాడు అటవీ సత్యాగ్రహంగా, ప్రజల నోట పుల్లరి సత్యాగ్రహంగా నిలిచిన ఆ ఉద్యమంలో అమరుడైన నాయకుడు కన్నెగంటి హనుమంతు.

రైతు కుటుంబం నుండి నాయకత్వానికి

నాటి గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలో, నేటి దుర్గి మండలానికి చెందిన కోలగట్ల, మించాలపాడు ప్రాంతం హనుమంతు జీవితానికి, పోరాటానికి రంగస్థలం. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో సామాన్య రైతు కుటుంబంలో జన్మించిన ఆయన, వ్యవసాయం చేసుకుంటూనే చుట్టుపక్కల గ్రామాల ప్రజల విశ్వాసాన్ని చూరగొన్నారు. ఉన్నత విద్యగాని, పట్టణాలలో పలుకుబడిగాని ఆయనకు అండగా లేవు. తోటి రైతుల కష్టం తన కష్టంగా భావించడమే ఆయనను నాయకుడిని చేసింది.

నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు రాక పూర్వం పల్నాడు పూర్తిగా వర్షాధార ప్రాంతం. జొన్న, సజ్జ, పత్తి వంటి మెట్ట పంటలు తప్ప మరొక ఆధారం లేదు. వానలు మొగం చాటేసిన ఏడాది రైతును ఆదుకునేది పశుసంపద ఒక్కటే. ఆ పశువులకు మేత దొరికేది నల్లమల కొండల అంచుల వెంట విస్తరించిన అడవులలోనే. పొలానికి పచ్చిరొట్ట, బండికి కలప, ఇంటికి వాసాలు, పొయ్యికి కట్టెలు కూడా ఆ అడవి నుండే వచ్చేవి. తరతరాలుగా ఊరికీ అడవికీ మధ్య ఉన్న ఈ బంధానికి రాతపూర్వకమైన ఆధారం ఏదీ లేదు. ఆచారమే అక్కడ హక్కు.

చట్టం గీసిన గీత

1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఈ పరిస్థితిని సమూలంగా మార్చివేసింది. ఒక ప్రాంతాన్ని రిజర్వు అడవిగా ప్రకటించే ముందు, అక్కడ హక్కులు ఉన్నవారు నిర్ణీత గడువులోగా అధికారి ఎదుట తమ వాదన వినిపించుకోవాలని ఆ చట్టం నిర్దేశించింది. కాగితం, ముద్ర, సాక్ష్యం అంటే ఏమిటో ఎరుగని పల్లె రైతుకు ఆ అవకాశం పేరుకే మిగిలింది. నిన్నటి వరకు స్వేచ్ఛగా పశువులను తోలుకొని వెళ్ళిన కొండకు నేడు అనుమతి చీటీ అవసరమైంది. మేపిన పశువుల లెక్కన పుల్లరి చెల్లించవలసి వచ్చింది. చెల్లించని వారి పశువులు బందెలదొడ్డికి చేరేవి. వాటిని విడిపించుకోవడానికి రుసుము కట్టాలి, కింది స్థాయి సిబ్బంది చేయి తడపాలి. ప్రెసిడెన్సీ వ్యాప్తంగా ఇటువంటి ఫిర్యాదులు పెరిగిపోవడంతో మద్రాసు ప్రభుత్వం అటవీ కమిటీని నియమించి 1913లో నివేదిక తెప్పించుకోవలసి వచ్చింది. అయినప్పటికీ పల్నాటి రైతు గోడు తీరలేదు.

బహిష్కరణ అస్త్రం

1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం సహాయ నిరాకరణ కార్యక్రమాన్ని ఆమోదించింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం జరిగింది. దాని ప్రభావంతో గుంటూరు జిల్లా అంతటా చైతన్యం వెల్లివిరిసింది. చీరాల, పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ప్రజలు పురపాలక పన్నులను ప్రతిఘటించి ఊరు విడిచారు. పల్నాడులో అదే స్ఫూర్తి అడవి బాట పట్టింది.

ఇక్కడి రైతులు ఎన్నుకున్న మార్గం సాంఘిక బహిష్కరణ. పుల్లరి వసూలుకు, పశువుల స్వాధీనానికి వచ్చిన అటవీ, రెవిన్యూ సిబ్బందికి గ్రామాలలో నీరు, నిప్పు, తిండి గింజలు దొరకని పరిస్థితి ఏర్పడింది. చాకలి, మంగలి సేవలు నిలిచిపోయాయి. బండి కట్టేవారు కరవయ్యారు. పశువులను పుల్లరి చెల్లించకుండానే అడవికి తోలడం మొదలైంది. పరిస్థితులను పరిశీలించడానికి జిల్లా కాంగ్రెస్ పక్షాన వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచారి 1921లో అరెస్టయ్యారు. హామీ పత్రం ఇవ్వడానికి నిరాకరించి వారు కారాగార శిక్షను స్వీకరించారు. తెలుగు నవలా సాహిత్యంలో మైలురాయిగా నిలిచిన మాలపల్లి, ఉన్నవ ఆ జైలు జీవితంలో రచించినదే.

పట్టణాల నుండి వచ్చిన నాయకులు జైలు పాలైన తరువాత ఉద్యమ భారం స్థానిక రైతులపై పడింది. ఆ భారాన్ని భుజాన వేసుకున్నవారిలో హనుమంతు ముఖ్యులు. గ్రామ గ్రామానికి తిరిగి, పుల్లరి చెల్లించరాదని రైతులను కూడగట్టారు. దుర్గి ఫిర్కాపై పెత్తనం ఇస్తామని అధికారులు ఆశ చూపినా ఆయన లొంగలేదని పల్నాటి ప్రజలు నేటికీ చెప్పుకుంటారు.

మించాలపాడు ఘటన

1922 ఫిబ్రవరి నాటికి దేశ రాజకీయ వాతావరణం మారిపోయింది. చౌరీచౌరా హింసాకాండతో కలత చెందిన గాంధీజీ సహాయ నిరాకరణను నిలిపివేయగా, ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం ఆ నిర్ణయాన్ని ధ్రువీకరించింది. గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పన్నుల నిరాకరణ ఉద్యమం కూడా ఆగిపోయింది. కానీ పల్నాటి రైతుకు మేత సమస్య తీర్మానాలతో తీరేది కాదు. కొండ కింద గడ్డి, దొడ్లో ఆకలిగొన్న పశువు అలాగే ఉన్నాయి.

ఆ నెలలోనే సాయుధ పోలీసులు మించాలపాడుకు వచ్చారు. పుల్లరి చెల్లించని పశువులను తోలుకొనిపోయే ప్రయత్నంలో గ్రామస్థులకు, పోలీసులకు మధ్య ఘర్షణ చెలరేగింది. పోలీసులు కాల్పులు జరిపారు. తూటాలకు గురై హనుమంతు, ఆయనతో పాటు మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. నేలకొరిగిన హనుమంతు దాహంతో అలమటిస్తున్నా నీరు అందనివ్వలేదన్న కథనం ఆ ప్రాంతంలో తరతరాలుగా వినవస్తోంది. అధికారులకు నీరు ఇవ్వబోమన్న ఊరి నాయకునికే చివరి క్షణంలో గుక్కెడు నీరు దక్కలేదన్న బాధ ఆ కథనంలో ధ్వనిస్తుంది.

కాల్పుల అనంతరం ఉద్యమం అణగారిపోయింది. అయితే అదే సంవత్సరం ఆగస్టులో గోదావరి ఏజెన్సీలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన ఆరంభమైన రంప తిరుగుబాటుకు కూడా అడవిపై విధించిన ఆంక్షలు ఒక ప్రధాన కారణం కావడం గమనార్హం.

నేటికీ వర్తించే పాఠం

హనుమంతు పోరాటం అడవిని నరికివేయడానికి సాగించినది కాదు. అదే సమయంలో దానిని నేటి అర్థంలో వన్యప్రాణి సంరక్షణోద్యమంగా వర్ణించడమూ సరికాదు. అడవి మీద ఆధారపడి బతికే ఊరికి ఆ అడవి నిర్వహణలో చోటు ఉండాలా, వద్దా అన్నదే నాటి ప్రశ్న. ఊరిని వెలుపల నిలిపి కాపలాదారులతో మాత్రమే అడవిని కాపాడబూనితే కాపలాకు, ప్రజలకు మధ్య వైరం తప్పదని మించాలపాడు నిరూపించింది.

ఆ ప్రశ్నకు జవాబు రావడానికి దశాబ్దాలు పట్టింది. మద్రాసు చట్టం స్థానంలో 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. 1990వ దశకంలో రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు ఏర్పడి, క్షీణించిన అడవుల పునరుద్ధరణలో గ్రామస్థులకు బాధ్యతను, ఫలసాయంలో వాటాను కల్పించాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, షెడ్యూల్డ్ తెగలకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు పశువుల మేతను సామూహిక హక్కుగా గుర్తించింది. తాము పరిరక్షిస్తూ వచ్చిన అడవిని కాపాడుకునే హక్కును సైతం గ్రామ సమాజానికి ఇచ్చింది. పుల్లరి కట్టలేక పశువులను పోగొట్టుకున్న తరానికి అందని గుర్తింపు అది.

నేడు మాచర్ల ప్రాంతపు అడవులు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంతో ముడిపడి ఉన్నాయి. పులికీ పశువుకీ, చెంచు గూడేనికీ రైతు పల్లెకూ ఆ అడవే ఆధారం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. హనుమంతు అమరత్వానికి నూరేళ్ళు నిండిన సంవత్సరమే ఈ సీమ తన పేరిట జిల్లాగా అవతరించడం విశేషం. అడవి సరిహద్దు రాయి నాటే ప్రతి సందర్భంలోనూ, మేత భూమిపై నిర్ణయం తీసుకునే ప్రతి సభలోనూ ఆ ఊరి ప్రజల మాట ముందుగా వినడమే కన్నెగంటి హనుమంతుకు అర్పించదగిన నిజమైన నివాళి.