పాట్రిక్ గెడ్డెసు పండితుడు

మహానగరములందు పుట్టి పెరుగు బాలబాలికలకు ఒక గొప్ప లోటు కలదు. వారు మొక్క యొక్క భాగములను పుస్తకమున చదివి వల్లింతురు గాని, చేతులార ఒక విత్తు నాటి, అది మొలకెత్తుట కన్నులార చూచి యెరుగరు. ఈ లోటును తీర్ప నడుము కట్టిన మహనీయులలో స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డెసు ముఖ్యుడు.

ఈయన 1854వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన బాలటరు అను గ్రామమున జన్మించెను. తండ్రి సైనికోద్యోగి. కుమారుడు పసివాడై యుండగనే ఆ కుటుంబము పెర్తు పట్టణ సమీపమున కొండవాలుననున్న యొక చిన్నయింట కాపురముండెను. అచట తండ్రితో గూడ తోటపని చేయుచు, కొండలపై తిరుగుచు, రాళ్లను, మొక్కలను ఏర్చికూర్చుచు బాలుడు పెరిగెను. తన తొలి విద్య ఆ తోటలోనే లభించినదని ఈయన జీవితాంతము నమ్మియుండెను.

తరువాత లండను నగరమునకేగి, సుప్రసిద్ధుడగు హక్స్లీ పండితునికడ జీవశాస్త్రము నభ్యసించెను. అయినను పరీక్షల యందు గౌరవము లేనివాడగుటచే ఏ విశ్వవిద్యాలయ పట్టమును సంపాదింపలేదు. 1879లో శాస్త్రపరిశోధనకై మెక్సికో దేశమునకు పోయినప్పుడు నేత్రవ్యాధి సోకి, కొన్ని వారములు చీకటిగదిలో నుండవలసి వచ్చెను. చూపు మరల వచ్చెను గాని సూక్ష్మదర్శినితో ఎక్కువ పనిచేయు శక్తి పోయెను. అంతట ఈయన దృష్టి మనుష్యుల నివాసములవైపు, నగరములవైపు మరలెను.

1886లో ఆనా మార్టను అను విదుషీమణిని వివాహమాడెను. నాడు ఎడింబరో పాతపట్టణము ఎత్తయిన యిండ్లతో, ఇరుకు సందులతో, పేదరికముతో నిండియుండెను. ధనవంతులు ఆ భాగమును విడిచి చిరకాలమయ్యెను. ఈ దంపతులు మాత్రము అచటనే కాపురము పెట్టి, ఇరుగుపొరుగువారితో కలసి వాకిళ్లు ఊడ్చి, గోడలకు సున్నము వేసి, కిటికీలలో పూలమొక్కలు పెంచిరి. బీదలకు ఉపన్యాసములిచ్చుట కంటె వారితో కలసి పనిచేయుట మేలని ఈయన మతము.

1888లో డండీ కళాశాలయందు వృక్షశాస్త్రాచార్యుడై, 1919 వరకు ఆ పదవియందుండెను. 1892లో ఎడింబరోలోని యొక యెత్తయిన బురుజును సేకరించి దానిని విచిత్రమైన విద్యాలయముగా మార్చెను. పైకప్పుననున్న అద్దము, కటకము మూలమున, చీకటిగదిలోని తెల్లని బల్లపై నగరమంతయు కదలుచున్న చిత్రమువలె కానవచ్చును. క్రింది యంతస్తులలో వరుసగా ఎడింబరో, స్కాట్లండు, ఐరోపా, తుదకు సమస్త ప్రపంచమును గూర్చిన ప్రదర్శనములుండెను. తన యూరు నెరుగని వానికి లోకజ్ఞానము నిలువదని దీని భావము.

చూచుటతో సరిపుచ్చుకొనక చేయుటకును దారి చూపెను. బురుజు సంఘమువారు పాతపట్టణమంతయు తిరిగి, చెత్తతో నిండిన ఖాళీస్థలములు డెబ్బదికి పైగా నున్నట్లు లెక్కించిరి. అన్నియు కలసి సుమారు 10 ఎకరములు. గెడ్డెసు కుమార్తె నోరా ఆ స్థలములలో కొన్నింటిని తోటలుగా తీర్చిదిద్దెను. ఎండ మొగమెరుగని సందులలోని పిల్లలు అచట ఆడుకొనిరి, మన్ను త్రవ్విరి, మొక్కలు నాటిరి. చదువు, వ్రాత, లెక్క అను మూటికి ముందుగా హృదయము, హస్తము, శిరస్సు అను మూడును వికసింపవలెనని ఈయన బోధించుచుండెను.

1914లో ఈయన భారతదేశమునకు బయలుదేరెను. వేరొక యోడలో వచ్చుచున్న ఆయన నగరప్రదర్శన సామగ్రి జర్మను నౌక యెమ్డెను చేతిలో సముద్రము పాలయ్యెను. అయినను ధైర్యము చెడక, క్రొత్త సామగ్రి తెప్పించి 1915లో మదరాసున ప్రదర్శనము నడపెను. 1917లో పెద్దకుమారుడు ఫ్రాన్సు యుద్ధమున మరణించెను. కొలది వారములకే భార్యయు ఈ దేశమున జ్వరపీడితయై దివంగతురాలయ్యెను. రోగశయ్యపైనున్న తల్లికి కుమారుని మరణవార్త తెలుపలేక ఈయన పడిన వేదన వర్ణనాతీతము. ఆ దుఃఖమునందును పని మానలేదు. ఇందూరున దీపావళి యూరేగింపును శుభ్రపరచుకొన్న వీధులగుండ నడుపునట్లు ఏర్పాటుచేసి, ప్రజలు తమంతట తామే ఇండ్లు, వాకిళ్లు బాగుచేసికొనునట్లు చేసెను. బొంబాయి విశ్వవిద్యాలయమున 1919 నుండి సమాజశాస్త్రాచార్యుడుగ నుండెను. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థలనిర్ణయమందును ఈయన సలహా నిచ్చెను. జగదీశచంద్రవసువు జీవితచరిత్రమును 1920లో ప్రకటించెను.

కడపటి దినములను ఫ్రాన్సులోని మోంపెలియే నగరమున తాను నెలకొల్పిన కళాశాలయందు, దాని తోటల నడుమ గడపెను. 1932లో సర్ బిరుదము లభించెను. ఆ యేటనే ఏప్రిలు 17వ తేదీన కాలధర్మము నొందెను. ఆయన నాటించిన తోటలలో పెక్కు కాలగర్భమున కలసినను, కొన్ని నేటికిని ఎడింబరోలో పచ్చగా నున్నవి. బురుజుపైని అద్దము నేటికిని నగరమును చూపుచున్నది.

ప్రియ విద్యార్థులారా! ఈయనకు పట్టము లేదు, పుష్కల ధనము లేదు, దృష్టియైనను పూర్ణముగా లేదు. ఉన్నవి చేతులు, ఊరిమీది ప్రేమ. చెత్తకుప్పలో తోటను చూడగల కన్ను అభ్యాసముచే అలవడునదే. మన వీధి మలుపున అట్టి జానెడు నేల లేకపోదు. దానిని వెదకి ఒక విత్తు నాటినయెడల, ఈ మహనీయుని చరిత్రము చదివిన ఫలము దక్కినట్లే.